పార్సిల్ విప్పాకే... పాస్‌వర్డ్!

మ్యాక్ కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తున్నాం. 'కంటిన్యూ', 'కంటిన్యూ', 'అగ్రీ'... వరసగా నొక్కేస్తాం. పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇచ్చేస్తాం. లోపలికి ఏమొచ్చిందో, ఎక్కడ కూర్చుందో తెలీదు. పనిచేస్తే సరే. చేయకపోతే 'మీ మ్యాక్‌కు ఇది సరిపడదు' అని ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఈ రెండు చోట్లా మనకు పనికొచ్చే విద్య ఒకటే. అది... పొట్లం విప్పి చూడటం!

కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి 'పార్సిల్ తెచ్చాను, బీరువా తాళాలివ్వండి, నేనే లోపల సర్దేసి వెళ్తాను' అన్నాడనుకోండి. ఇస్తామా? ఎంత పేరున్న కొరియర్ అయినా సరే, పంపిందెవరో చూస్తాం. సీలు చిరిగిందేమో చూస్తాం. విప్పి, లోపలున్నది మనం అడిగిందో కాదో సరిచూసుకుంటాం. బీరువా సంగతి ఆ తర్వాతే. కానీ కంప్యూటర్ ముందు కూర్చునేసరికి ఈ జాగ్రత్తలన్నీ గాలికొదిలేస్తాం. తాళాలగుత్తి తీసి చేతిలో పెట్టేస్తాం.

మ్యాక్‌లోకి సాఫ్ట్‌వేర్ రెండు మూడు దారుల్లో వస్తుంది. యాప్ స్టోర్ ఒకటి. అప్లికేషన్ బొమ్మను మౌస్‌తో లాక్కొచ్చి 'అప్లికేషన్స్' ఫోల్డర్లో పడేయడం రెండోది. ఈ రెండో పద్ధతిలో వచ్చిన సరుకు సాధారణంగా పడేసిన చోటే ఉంటుంది. అక్కర్లేదనుకుంటే తీసి చెత్తబుట్టలో వేయొచ్చు. ఇక మూడోది... ప్యాకేజీ. ఫైలు పేరు చివర 'డాట్ పీకేజీ' అని ఉంటుంది. ప్రింటర్ డ్రైవర్లు, ఆఫీసు సాఫ్ట్‌వేర్లు, యాంటీవైరస్‌లు, వీడియో కాన్ఫరెన్స్ ప్రోగ్రాములు ఎక్కువగా ఇలాగే వస్తాయి. వాటి సామాను ఒక్కచోట ఇమడదు. కొంత ఇక్కడ, కొంత అక్కడ సర్దాలి. దానికోసమే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఇచ్చాక ప్యాకేజీలోని ఆదేశాలు 'రూట్' హోదాలో పనిచేయగలవు. రూట్ అంటే కంప్యూటర్‌కు సర్వాధికారి. ఎవరి ఫైలునైనా తెరవగలదు, మార్చగలదు... తుడిచేయగలదు కూడా!

ఒక్క ఖాళీ... డిస్కు ఖాళీ!

తుడిచేయడమంటే మాటవరసకు అన్నది కాదు. నిజంగానే జరిగింది. అదీ ఎవరో దొంగ చేసిన పని కాదు. సాక్షాత్తూ యాపిల్ కంపెనీయే పంపిన ప్యాకేజీ చేసిన ఘనకార్యం.

2001 నవంబరు. మ్యాక్ ఓఎస్ ఎక్స్ వచ్చి ఎనిమిది నెలలైంది. యాపిల్ తన పాటల ప్రోగ్రాము ఐట్యూన్స్ 2.0ను విడుదల చేసింది. కొత్తది వేసేముందు పాత ఐట్యూన్స్‌ను తీసేయడానికి ఇన్‌స్టాలర్లో చిన్న స్క్రిప్టు పెట్టారు. స్క్రిప్టు అంటే కంప్యూటర్‌కు రాసిచ్చిన పనుల చీటీ. 'ఫలానా డిస్కులోని ఐట్యూన్స్‌ను తుడిచెయ్' అన్నది అందులో ఒక వాక్యం. ఆ డిస్కు పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టడం రాసినవాళ్లు మర్చిపోయారు. అంతే!

కొటేషన్ లేకపోతే ఏమవుతుంది? 'రామారావు పేటలోని పాత సామాను తీసెయ్' అని పనివాడికి చెప్పామనుకోండి. వాడు మధ్యలో ఆగి, 'రామారావును తీసెయ్' అన్నది ఒక పని, 'పేటలోని పాత సామాను తీసెయ్' అన్నది ఇంకో పని అనుకుంటే? కంప్యూటర్ చేసిందీ అదే. పేరులో ఖాళీ కనబడగానే అక్కడితో ఆ పేరు అయిపోయిందనుకుంది. ఒక డిస్కు పేరు 'డిస్క్', ఇంకోదాని పేరు 'డిస్క్ టూ' అయితే, రెండోదాంట్లోని ఐట్యూన్స్‌కు బదులు మొదటి డిస్కును మొత్తంగా తుడిచిపెట్టేసింది. పాటల ప్రోగ్రాము కోసం ఆశపడినవాళ్ల ఫొటోలు, ఉత్తరాలు, ఆఫీసు ఫైళ్లు గంగలో కలిశాయి. యాపిల్ వెంటనే దాన్ని వెనక్కి తీసుకుని 2.0.1 విడుదల చేసింది. సరిదిద్దడానికి కావాల్సింది కాసిన్ని కొటేషన్ గుర్తులు!

ఆ స్క్రిప్టు రహస్యమేమీ కాదు. మామూలు అక్షరాల్లో, ఎవరైనా చదవగలిగేలా ప్యాకేజీలోనే ఉంది. విప్పి చూసేవాళ్లే లేకపోయారు.

పొట్లంలో ఏముంటుంది?

ఈ ప్యాకేజీల పద్ధతి యాపిల్ సొంత ఆలోచన కాదు. స్టీవ్ జాబ్స్ యాపిల్ నుంచి బయటికెళ్లి పెట్టిన నెక్స్ట్ కంపెనీ నుంచి వచ్చింది. 1996 డిసెంబరులో నెక్స్ట్‌ను కొంటున్నట్టు యాపిల్ ప్రకటించింది. జాబ్స్‌తో పాటు ఈ ప్యాకేజీలూ యాపిల్ ఇంటికొచ్చాయి. మొదట్లో ప్యాకేజీ అంటే నిజానికి ఒక ఫోల్డరే. 2007లో వచ్చిన లెపర్డ్ నుంచి అన్నిటినీ కలిపి ఒకే ఫైలుగా కట్టడం మొదలైంది.

లోపల ముఖ్యంగా నాలుగుంటాయి. మొదటిది పేలోడ్. అసలు సరుకు ఇదే. కుక్కి కట్టిన మూటలా ఉంటుంది. రెండోది బామ్. పేరు చూసి భయపడకండి. 'బిల్ ఆఫ్ మెటీరియల్స్' అనే మాటకు పొట్టిపేరు. ఆడపిల్లకు సారె పంపేటప్పుడు ఏ డబ్బాలో ఏమున్నాయో రాసి పెడతారు చూడండి... అలాంటి జాబితా. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లాలో, దాని మీద ఎవరికి ఏ హక్కులుండాలో అందులో ఉంటుంది. మూడోది స్క్రిప్టులు. సరుకు దించకముందు చేయాల్సిన పనులకు ఒకటి, దించాక చేయాల్సిన వాటికి ఇంకొకటి. ఐట్యూన్స్ కొంప ముంచింది ఇలాంటిదే. నాలుగోది డిస్ట్రిబ్యూషన్ అనే ఫైలు. గుమ్మం దగ్గర కాపలావాడు ఇతనే. ఈ మ్యాక్‌లో ఏ చిప్ ఉంది, ఏ వెర్షన్ ఉంది, సరుకు దించొచ్చా లేదా అన్నది తేల్చే నిబంధనలన్నీ ఇందులో రాసి ఉంటాయి. 'మీ మ్యాక్‌కు సరిపడదు' అన్న మాట ఇన్‌స్టాలర్ నోట వచ్చిందంటే చాలాసార్లు దాని వెనక ఉన్నది ఈ కాపలావాడే.

అంటే భద్రత సంగతి తేల్చుకోవాలన్నా, సరిపడని సంగతి తేల్చుకోవాలన్నా చూడాల్సింది ఒకే పొట్లాన్ని. ఆ రెంటికీ ఎంత దగ్గర చుట్టరికమో తెలియాలంటే ఇంకో రెండు కథలు వినాలి.

'చూస్తానంతే' అని వచ్చి...

కొన్ని ప్యాకేజీలు తెరవగానే ఒక చిన్న కిటికీ వస్తుంది. 'ఈ సాఫ్ట్‌వేర్ వేయొచ్చో లేదో తేల్చడానికి ఒక ప్రోగ్రాము నడుస్తుంది' అని దాని భావం. సరిపడుతుందో లేదో చూడటమే కదా, మంచిదేగా అనుకుని 'కంటిన్యూ' నొక్కుతాం. 'ఇన్‌స్టాల్' ఇంకా నొక్కలేదు కాబట్టి ఏమీ కాలేదనే ధీమా.

2020 మార్చి. కరోనాతో ప్రపంచమంతా ఇళ్లకు తాళాలేసుకుని కూర్చుంది. ఆఫీసులు, క్లాసులు అన్నీ జూమ్‌లోనే. మ్యాక్‌లో జూమ్ వేస్తుంటే ఫెలిక్స్ సీలే అనే నిపుణుడికి అనుమానం వచ్చింది. తాను 'ఇన్‌స్టాల్' నొక్కనేలేదు. అయినా జూమ్ వచ్చి కూర్చుంది! ప్యాకేజీ విప్పి చూస్తే విషయం బయటపడింది. సరిపడుతుందో లేదో చూసే దశలోనే స్క్రిప్టు ద్వారా సరుకంతా దించేస్తున్నారు. ఆయన ఈ సంగతి బయటపెట్టాక జూమ్ అధినేత ఎరిక్ యువాన్ స్పందించారు. యూజర్లకు క్లిక్కులు తగ్గించడానికే అలా చేశామన్నది కంపెనీ వివరణ. ఏప్రిల్‌లో ఆ పద్ధతి మానేశారు. జూమ్ దొంగ సరుకేమీ కాదు. కానీ అడక్కుండా లోపలికొచ్చే ఆ దారి మాత్రం దొంగలదే.

ఏడాది తిరక్కుండానే దొంగలూ ఆ దారిన వచ్చారు. 2021 ఫిబ్రవరిలో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ 'సిల్వర్ స్పారో' అనే మాల్‌వేర్ సంగతి బయటపెట్టింది. మాల్‌వేర్‌బైట్స్ సంస్థ లెక్క ప్రకారం అప్పటికే 153 దేశాల్లో 29,139 మ్యాక్‌లలోకి చేరింది. ఇదీ ప్యాకేజీ రూపంలోనే వచ్చింది. మామూలు స్క్రిప్టుల్లో వెతికితే దొరకదు. కాపలావాడి చీటీ అన్నామే, ఆ డిస్ట్రిబ్యూషన్ ఫైల్లో జావాస్క్రిప్టు ఆదేశాలుగా దాక్కుంది. 'చూస్తానంతే' అనే కిటికీలో 'కంటిన్యూ' నొక్కితే చాలు, దాని పని అది మొదలుపెట్టేది.

ఇంకో విశేషముంది. ఆ మాల్‌వేర్‌లో రెండు రకాల ప్యాకేజీలు దొరికాయి. ఒకటి ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకు. రెండోది ఇంటెల్‌తో పాటు, అప్పటికి మూడు నెలల కిందటే మార్కెట్లోకొచ్చిన యాపిల్ సొంత చిప్ ఎం1కూ సరిపడేది. పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలా ఇంకా కొత్త చిప్‌కు మారే పనిలో ఉండగానే మాల్‌వేర్ సిద్ధమైపోయింది! అదృష్టం ఏమిటంటే, అది కంప్యూటర్లలో కూర్చుని ఆదేశాల కోసం ఎదురుచూసిందే తప్ప నష్టం చేసిన దాఖలా దొరకలేదు. యాపిల్ వాటి సర్టిఫికెట్లను రద్దు చేసింది.

సర్టిఫికెట్లంటే గుర్తొచ్చింది. ఆ ప్యాకేజీల మీద యాపిల్ డెవలపర్ ముద్ర ఉంది. జూమ్ మీదా ఉంది. ముద్ర ఉంటే పంపిందెవరో తెలుస్తుంది, దారిలో ఎవరూ విప్పలేదని తెలుస్తుంది. అంతవరకే. మ్యాక్‌లో 2012 నుంచి గేట్‌కీపర్ అనే కాపలా ఉంది. దానికితోడు సాఫ్ట్‌వేర్‌ను ముందుగా తన సర్వర్లలో తనిఖీ చేసి 'నోటరైజ్' చేసే పద్ధతినీ యాపిల్ తెచ్చింది. అక్కడా ఒకసారి కన్నుగప్పారు. 'ష్లేయర్' అనే మాల్‌వేర్‌కు యాపిల్ పొరపాటున నోటరైజ్ ముద్ర వేసేసిందని 2020 ఆగస్టులో మ్యాక్ భద్రతా నిపుణుడు పాట్రిక్ వార్డల్ వెల్లడించారు. అందుకే... ముద్ర చూడాలి, లోపలా చూడాలి.

విప్పడం ఎలా?

ఇదేదో ఇంజినీర్ల వ్యవహారం అనుకోనక్కర్లేదు. మొదటి మెట్టుకు కొత్త సాఫ్ట్‌వేర్ కూడా అవసరం లేదు. ప్యాకేజీని తెరవండి. 'కంటిన్యూ' నొక్కకండి. ముందే చెప్పుకొన్న ఆ చిన్న కిటికీ వస్తే 'క్యాన్సిల్' కొట్టి, కింద చెప్పబోయే రెండో పద్ధతికి వెళ్లిపోండి. అది రాకపోతే పైన మెనూలో 'ఫైల్' కింద 'షో ఫైల్స్' ఉంటుంది. కీబోర్డులో కమాండ్-ఐ నొక్కినా చాలు. ఏ ఫైళ్లు దిగబోతున్నాయో జాబితా మొత్తం వస్తుంది. ముద్ర ఉన్న ప్యాకేజీ అయితే కిటికీ పైన కుడిమూలన చిన్న గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే పంపినవారి పేరు చెబుతుంది. అయితే ఇక్కడ స్క్రిప్టులు కనబడవు. అసలు చూడాల్సింది వాటినే.

దానికోసం 'సస్పీషియస్ ప్యాకేజ్' అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. తయారుచేసింది మదర్స్ రుయిన్ సాఫ్ట్‌వేర్. మ్యాక్ నిర్వహణ చూసే ఐటీ ఉద్యోగులకు ఇది చేతికర్ర లాంటిది. ప్యాకేజీని వేయకుండానే అందులోని ఫైళ్లు, స్క్రిప్టులు, ముద్ర వివరాలు వేర్వేరుగా చూపిస్తుంది. అనుమానించాల్సినవి కనిపిస్తే తనే హెచ్చరిస్తుంది. కావాలంటే ఒక్క ఫైలును మాత్రం బయటికి తీసుకోవచ్చు. 'పాసిఫిస్ట్' అనే మరో పాతకాపు ఉంది. పెద్ద ప్యాకేజీలో పోయిన ఒకే ఒక్క ఫైలును తిరిగి తెచ్చుకోవడంలో దానికి మంచి పేరు. టెర్మినల్ అలవాటున్నవాళ్లకు యాపిల్ ఇచ్చే 'పీకేజీ యుటిల్' ఉండనే ఉంది. ముద్ర చూడటం, పొట్లం విప్పడం, మళ్లీ కట్టడం... అన్నీ అదే చేస్తుంది.

విప్పాక ఏం చూడాలి? స్క్రిప్టు చదవాలంటే ప్రోగ్రామింగ్ పండితులే కానక్కర్లేదు. ఇంటర్నెట్ నుంచి ఇంకేదో తెచ్చుకునే ఆదేశముందా? ఏదైనా తుడిచే ఆదేశముందా? ఉంటే దేన్ని? కంప్యూటర్ తెరిచినప్పుడల్లా తనంతట తాను మొదలయ్యేలా 'లాంచ్ డెమన్స్', 'లాంచ్ ఏజెంట్స్' ఫోల్డర్లలో ఏమైనా పెడుతోందా? ప్రింటర్ డ్రైవర్ అయితే కొన్నిటికి కారణముండొచ్చు. కానీ క్యాలెండర్ బొమ్మలు మార్చే ప్రోగ్రాముకు ఇవన్నీ ఎందుకు? అడగాల్సిన ప్రశ్న అదే. జవాబు దొరక్కపోతే ఆ పొట్లాన్ని గుమ్మం దగ్గరే ఆపేయండి.

ఈ జాబితాతో ఇంకో లాభం ఉంది. ప్యాకేజీలను తీసేయడానికి మ్యాక్‌లో ప్రత్యేకంగా ఏర్పాటేదీ లేదు. ఏమేం దిగాయో రసీదు మాత్రం దాచుకుంటుంది. పీకేజీ యుటిల్‌లో 'ఫర్గెట్' అనే ఆదేశం ఉంది కదాని చాలామంది దాన్ని వాడి, ప్రోగ్రాము పోయిందనుకుంటారు. అది రసీదును చించేస్తుందంతే. సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది! రసీదు చింపేముందే జాబితా రాసుకోవాలి.

పాత సాఫ్ట్‌వేర్ ఎందుకు మొరాయిస్తుంది?

ఇక రెండో బాధ. నిన్నటిదాకా నడిచింది, మ్యాక్ మార్చాక నడవట్లేదు. ఎందుకు? పొట్లం విప్పితే కారణం తెలుస్తుంది. కారణాలు చాలానే ఉన్నా ఎక్కువగా తగిలేవి కొన్నే.

చిప్ భాష: ఒక్కో ప్రాసెసర్‌ది ఒక్కో భాష. మ్యాక్ ఇప్పటికి మూడుసార్లు భాష మార్చింది. 1994లో మోటరోలా 68కే నుంచి పవర్‌పీసీకి. 2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కు. 2020లో ఇంటెల్ నుంచి సొంత చిప్‌కు. మారిన ప్రతిసారీ పాత ప్రోగ్రాములకు ఒక దుబాసీని ఇచ్చింది. ఇంటెల్ రోజుల్లో ఆ దుబాసీ పేరు రోజెట్టా. 2011లో లయన్ రాగానే ఇంటికి పంపేశారు. 2020లో వచ్చింది రోజెట్టా 2. ప్రోగ్రాము ఏ భాషదో తెలుసుకోవాలంటే దాని బొమ్మ మీద 'గెట్ ఇన్ఫో' చూడండి. 'యూనివర్సల్' అంటే రెండు భాషలూ వచ్చినట్టు. 'ఇంటెల్' అని ఉంటే దుబాసీ కావాలి. తమాషా ఏమిటంటే, లోపలి ప్రోగ్రాముకు రెండు భాషలూ వచ్చినా, కాపలావాడి చీటీలో కొత్త చిప్ పేరు రాయడం మర్చిపోతే ఇన్‌స్టాలర్ అనవసరంగా రోజెట్టా కావాలని పట్టుబడుతుంది.

32 బిట్లు: 2018లో వచ్చిన మొహావీ 32 బిట్ల ప్రోగ్రాములను నడిపిన చివరి మ్యాక్‌ఓఎస్. 2019 అక్టోబరులో కాటలీనా రావడంతోనే అవన్నీ ఆగిపోయాయి. సినిమా, టీవీ ఎడిటింగ్ గదుల్లో ఏళ్ల తరబడి ఏలిన పాత ఫైనల్ కట్ ప్రో 7ను 2017లో వచ్చిన హై సియెరాయే గడప దాటనివ్వలేదు. అందుకే కొన్ని ఎడిటింగ్ గదుల్లో పాత మ్యాక్‌ను అప్‌డేట్ చేయకుండా అలాగే కాపాడుకున్నారు.

అంకెల తికమక: 2014లో యోసెమిటీ వచ్చింది. దాని అంకె 10.10. కొన్ని పాత ఇన్‌స్టాలర్లు దాన్ని 10.1గా చదివాయి. '10.7.3 కన్నా కొత్తది కావాలి, మీది మరీ పాతది' అని సరికొత్త మ్యాక్‌ను గెంటేశాయి! 2020లో బిగ్ సర్ 11 అయినప్పుడూ ఇదే గొడవ. '10'తో మొదలవ్వాలని రాసుకున్న స్క్రిప్టులు బిత్తరపోతాయని, పాత పద్ధతిలో తయారైన ప్రోగ్రాములకు తన అంకె 10.16 అని చెప్పేలా ఏర్పాటు చేశారు.

మానేసిన పనివాళ్లు: కొన్ని స్క్రిప్టులు సగం పనిని మ్యాక్‌లోనే ఉండే పైథాన్‌కు అప్పజెప్పేవి. 2022 మార్చిలో వచ్చిన 12.3 వెర్షన్‌తో యాపిల్ పైథాన్ 2.7ను తీసేసింది. పీహెచ్‌పీ అంతకుముందే 2021లో మాంటెరేతో వెళ్లిపోయింది. పిలిస్తే పలికేవాడు లేక ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగిపోతుంది. కమాండ్-ఎల్ నొక్కితే వచ్చే ఇన్‌స్టాలర్ లాగ్‌లో ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసి ఉంటుంది.

తాళం పడిన గదులు: 2015లో ఎల్ క్యాపిటన్ నుంచి సిస్టమ్ ఫోల్డర్లకు రక్షణ వచ్చింది. 2019లో కాటలీనా ఆ భాగాన్ని పూర్తిగా 'చదవడానికి మాత్రమే' చేసేసింది. పాత ప్యాకేజీలు అక్కడ ఫైళ్లు పెట్టాలని చూస్తే కుదరదు. కాటలీనాకు మారాక డెస్క్‌టాప్ మీద 'రీలొకేటెడ్ ఐటమ్స్' అనే ఫోల్డర్ చూసి కంగారుపడినవాళ్లు ఎందరో. కొత్త ఇంట్లో చోటు లేక బయట పెట్టిన పాత సామాను అది.

గడువు తీరిన ముద్ర: కొన్నిసార్లు సరుకూ బాగానే ఉంటుంది, మ్యాకూ బాగానే ఉంటుంది. ముద్రకే గడువు తీరిపోతుంది. పెన్‌డ్రైవుల్లో దాచుకున్న పాత మ్యాక్‌ఓఎస్ ఇన్‌స్టాలర్లు చాలావాటికి 2019 అక్టోబరు 24తో సర్టిఫికెట్ గడువు తీరింది. 'ఫైలు పాడైంది' అంటుంటే, తీరా చూస్తే పాడైంది తేదీ! యాపిల్ నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడమే మార్గం.

మరమ్మతు ఎంతవరకు?

కారణం తెలిసింది. మరి మందో? తేలికైన దాంతోనే మొదలుపెట్టాలి. తయారుచేసినవాళ్ల దగ్గర కొత్త వెర్షన్ ఉందేమో చూడాలి. ఇంటెల్ ప్రోగ్రామైతే రోజెట్టా వేసుకోవాలి. యూనివర్సల్ ప్రోగ్రాముకు పాత ప్లగిన్లు అతకకపోతే 'గెట్ ఇన్ఫో'లో 'ఓపెన్ యూజింగ్ రోజెట్టా' మీద టిక్కు పెట్టి చూడాలి.

కాపలావాడే పొరబడితే... అంటే 10.10ను 10.1 అనుకున్నట్టయితే, తెలిసినవాళ్లు చేసే పనొకటుంది. పీకేజీ యుటిల్‌తో పొట్లం విప్పుతారు. డిస్ట్రిబ్యూషన్ ఫైల్లో ఆ ఒక్క నిబంధనను సరిచేస్తారు. మళ్లీ కట్టేస్తారు. చిత్రంగా ప్యాకేజీ దిగిపోతుంది! అయితే రెండు సంగతులు మరవకూడదు. విప్పి కట్టిన పొట్లం మీద కంపెనీ ముద్ర ఉండదు. కాబట్టి సొంత మ్యాక్‌లో వేసుకోవాలే తప్ప ఊరందరికీ పంచకూడదు. వేరెవరో అలా 'సరిచేసి' ఇచ్చినదాన్ని నమ్మకూడదు కూడా. రెండోది, కాపలావాడు చెప్పింది నిజమైతే వాడిని పక్కకు నెట్టి లాభం లేదు. నిబంధన తీసేసినంత మాత్రాన 32 బిట్ల ప్రోగ్రాము 64 బిట్లదైపోదు. డ్రైవర్ల లాంటి వాటితో ఈ సాహసం చేస్తే మ్యాక్ అసలుకే మొండికేయొచ్చు.

అలాంటివాటికి పాత మ్యాక్‌ఓఎస్‌ను వేరే పార్టిషన్లోనో, వర్చువల్ మెషిన్లోనో ఉంచుకోవాలి. లేదంటే పాత మ్యాక్‌నే ఇంటర్నెట్ తీసేసి ఆ ఒక్క పనికీ వాడుకోవాలి. గేట్‌కీపర్ అడ్డుపడుతోందని దాన్నే ఆపేయమనే సలహాలు వినకండి. పంపినవాళ్ల మీద నమ్మకం ఉండి, లోపలంతా చూసుకున్న ఒక్క ప్యాకేజీకే 'సెట్టింగ్స్'లోని 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో 'ఓపెన్ ఎనీవే' అనొచ్చు. 2024లో సెక్వోయా వచ్చాక కంట్రోల్-క్లిక్ చేసి దాటేసే పాత అడ్డదారి మూసేశారు.

మన అక్షరమూ కూల్చేసింది!

సరిపడకపోవడం ప్యాకేజీలతోనే ఆగదు. 2018 ఫిబ్రవరిలో యాపిల్‌ను హడలెత్తించింది మన తెలుగక్షరమే. 'జ్ఞానం'లోని 'జ్ఞా' ఉంది చూశారూ... అదే. దాని మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం చేరిన రూపాన్ని తెరమీద చూపబోయి ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. ఒక్క అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, యాప్ తెరుచుకునేది కాదు. అప్పటికి మ్యాక్‌లో నడుస్తున్నది హై సియెరా 10.13.3. ఫిబ్రవరి 19న ఫోన్లకూ, మ్యాక్‌లకూ సవరణలు పంపి యాపిల్ ఊపిరి పీల్చుకుంది. సిస్టమ్ సవరణలను ఏళ్ల తరబడి వాయిదా వేయడమూ క్షేమం కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

మనవాళ్లకు ఇంకో బెంగ కూడా ఉంది. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో కూర్చిన తెలుగు పుస్తకాలు, పత్రికలు బోలెడు. ఆ ఫాంటు, ఆ కీబోర్డు ప్రోగ్రాము నడిచినంతకాలమే అవి తెలుగు. అవి ఆగిపోయిన రోజున తెరమీద కనబడేది పిచ్చిగీతలు! ప్రోగ్రాము నడుస్తుండగానే ఆ ఫైళ్లను పీడీఎఫ్‌గా దాచుకోవడం, వీలైనవాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడం ఉత్తమం.

గంట మోగింది

ఇదంతా ఇప్పుడెందుకంటే... 2025 జూన్‌లో యాపిల్ ఒక ప్రకటన చేసింది. ఇంటెల్ మ్యాక్‌లలో నడిచే చివరి సిస్టమ్ మ్యాక్‌ఓఎస్ 26 టహో. ఇక కొత్త మ్యాక్‌లలో ఇంటెల్ ప్రోగ్రాములను నడిపే రోజెట్టా 2 పూర్తిస్థాయిలో ఉండేది 27వ వెర్షన్ వరకే. ఆ తర్వాత కొన్ని పాత ఆటల కోసం కాస్త భాగం మాత్రం మిగులుస్తారట. 2011లో మొదటి రోజెట్టా వెళ్లిపోయినప్పుడు చాలామంది అప్‌డేట్ చేసేశాకే ఆ సంగతి తెలుసుకున్నారు. అకౌంట్ల ప్రోగ్రాము తెరుచుకోలేదు. పాత స్కానర్ పలకలేదు.

ఈసారి అలా కాకుండా ఉండాలంటే ఓ అరగంట చాలు. 'ఎబౌట్ దిస్ మ్యాక్'లోంచి సిస్టమ్ రిపోర్ట్ తెరవండి. అందులో సాఫ్ట్‌వేర్ కింద అప్లికేషన్స్ జాబితా ఉంటుంది. 'కైండ్' అనే వరసలో 'ఇంటెల్' అని ఉన్నవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఏది రోజూ కావాలి? దేనికి కొత్త వెర్షన్ ఉంది? దేంట్లోని ఫైళ్లు ఇప్పుడే వేరే రూపంలోకి మార్చుకోవాలి? ఎదురుగా టిక్కులు పెట్టుకోండి.

కొత్తవి తెచ్చుకునేటప్పుడు మాత్రం... ముందు పొట్లం, తర్వాతే పాస్‌వర్డ్. తాళాలగుత్తి కాసేపు మన కొంగుకే ఉంటే వచ్చే నష్టమేమీ లేదు!